రెండు వందల గజాలు

మా ఆవిడ భయం మొదటిసారి నా మణికట్టు మీదికి వచ్చినప్పుడు నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దింపుతున్నాను. చేతికున్న రబ్బరు పట్టీ ఉన్నట్టుండి బిగుసుకుంది. ఆ వెనకే గుండెలో ఏదో జారిపోయినట్టయింది. అక్కడ నేను భయపడాల్సిందేమీ లేదు. పక్కన పైడయ్య పాట పాడుకుంటూ నేల కడుగుతున్నాడు. అయినా చేతిలో దిమ్మ వదిలేశాను.

“ఏంట్రా అలాగైపోయేవు?” అన్నాడు పైడయ్య.

“సత్యవేణి భయపడతందిరా.”

“ఇంటికాడున్న పెళ్ళాం ఇక్కడిదాకా వచ్చిందా? మా ఆవిడకి ఆ పట్టీ అక్కర్లేదురా. ఫోన్లోనే పని కానిచ్చేస్తది.”

పట్టీ బొటనవేలి వైపు వెచ్చబడింది. వెచ్చగా ఉన్న వైపే మనిషి ఉన్నట్టని మాకు ఆ పట్టీలు కట్టిన మృదుల మేడం చెప్పి ఉన్నారు. మోపెడ్ తీశాను. రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా ఆ వెచ్చదనం మణికట్టు చుట్టూ తిరిగింది. అది తీసుకెళ్ళి నన్ను తూము పక్కనున్న తుఫాను షెల్టరు ముందు నిలబెట్టింది. కింది గదికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. తీశాను. చీకట్లో గోడకి ఆనుకుని మా ఆవిడ నిలబడి ఉంది. మేడం మెట్ల మీద గడియారం పట్టుకుని కూర్చున్నారు.

“పదకొండు నిమిషాలు నూకరాజు గారు. పన్నెండు ఇళ్ళలో మీదే ఫస్టు,” అన్నారు.

సత్యవేణికి మూసిన గదులంటే భయం. పట్టీల పరీక్ష కోసం ముందే చెప్పి, ఒప్పించే ఆ గదిలో పెట్టారు. ఒప్పుకున్నంత మాత్రాన భయం పోదు కదా. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నేను ఛాతీ విరుచుకుని ఇంటికెళ్ళాను.

మా పాలేనికి చెప్పడానికొచ్చేవాళ్ళు కొత్త కాదు. తుఫాను వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి సంచిలో ఏం పెట్టుకోవాలో చెప్పి, బిస్కెట్లు పంచి, ఫొటో దిగి పోయేవారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అందుకని నాతో చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. సంచి సర్దుకోవడం మాకు ఒకరు నేర్పాలా? మాకు రానిది వేరే. కిందటి తుఫానుకి మేం నలుగురం మూడు చోట్ల చిక్కుకున్నాం. నేను ఫ్యాక్టరీలో, అమ్మా సత్యవేణీ షెల్టరులో, మా అమ్మాయి లిఖిత ట్యూషన్ మాస్టారింటి డాబా మీద. ఫోన్లు లేవు, కరెంటు లేదు. పిల్ల ఉందో లేదో తెలియకుండా ఒక రోజంతా గడిపాం. అలాంటి రోజు ఇంకోటి వస్తే మా ఆవిడ తట్టుకోలేదని నాకు తెలుసు.

మృదుల మేడం తెచ్చింది ఆ రోజుకి మందు. పట్టీకి టవర్లతో పని లేదు. ఒంటి చెమటనీ నాడినీ బట్టి భయాన్ని కనిపెట్టి, నాలుగు కిలోమీటర్లలోపు ఉన్న ఇంటివాళ్ళ పట్టీలకి పంపిస్తుంది. ఇవతలివాడి నరానికి చిన్న చురక పెట్టి అదే భయం పుట్టిస్తుంది. గంట మోగిస్తే సరిపోదా అని అడిగాను.

“గంటలు విని విని జనం లేవడం మానేశారండి. సొంత భయమైతే ఎవరైనా లేస్తారు,” అన్నారామె.

ఆ మాట నాకు నచ్చింది. పన్నెండు ఇళ్ళలో మాది మొదట చేరింది. అమ్మ మాత్రం దురదని రెండో రోజే తీసి గూట్లో పడేసింది. మిగిలిన ముగ్గురం స్నానానికి కూడా తియ్యలేదు.

వారం తిరక్కుండానే మొదలైంది. ఆరింటికి డ్యూటీ దిగి మోపెడ్ మీద వస్తుంటే, తూము దాటగానే చెయ్యి బిగుసుకుంది. మామూలుగా కాదు. సత్యవేణిదీ పిల్లదీ రెండూ కలిసొచ్చాయి. ఇంట్లో పాము దూరిందనుకున్నాను. బండి పడేసి కర్ర పట్టుకుని లోపలికి ఉరికాను. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. లిఖిత పుస్తకాలు సర్దుతోంది. ఇద్దరూ నన్ను చూసి లేచి నిలబడ్డారు.

“ఏమైంది?”

“ఏం లేదండి.”

“ఏం లేకుండా నా చెయ్యి ఇలా ఎందుకు బిగుస్తది?”

“తెలీదండి.”

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సరిగ్గా ఆరూ ఇరవైకి, తూము దగ్గర. పొయ్యి కింద తవ్వించాను. గ్యాసు గొట్టం మార్పించాను. ఇంటి వెనక తుప్పలు కొట్టించాను. అప్పటికీ తగ్గలేదు. ఇక నా బుద్ధి వేరే దారిన పోయింది.

“ఆరింటప్పుడు ఎవడొస్తన్నాడే ఇక్కడికి?” అని అడిగాను.

మంచం మీంచి అమ్మ, “ఎవడొత్తాడ్రా? నువ్వే వత్తావు,” అంది.

ముసలిదాని వేళాకోళం అనుకున్నాను. చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను. పట్టీ ఎముకలు నొక్కేసింది. చూశారా, మిషను పాడైపోయింది, ఇప్పుడు ఇక్కడ ఏముందని మోగుతోంది అని నేనే అరిచాను.

ఆ శనివారం సెలవు పెట్టి కాకినాడలో మేడం ల్యాబుకి వెళ్ళాను. ల్యాబంటే ఏదో అనుకున్నాను. ఒక పాత మేడ మీద రెండు గదులు, బల్లల నిండా వైర్లు, మూల నీళ్ళ కుండ. మిషను మార్చమని గట్టిగానే అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా కంప్యూటరు నా వైపు తిప్పారు. పన్నెండు ఇళ్ళకి పన్నెండు గీతలు. అన్నీ దాదాపు చదునుగా పోతున్నాయి. ఒక ఇంటి గీత మాత్రం రోజుకొకసారి గుట్టలా లేచి పడుతోంది.

“అది మాదేనాండి?”

“మీదేనండి.”

“పట్టీలో దోషం.”

“మూడు రోజులు ఇక్కడ చదునుగా ఉంది, చూడండి.” పెన్ను పెట్టి చూపించారు. “నెల మొదట్లో. ఆ మూడు రోజులూ మీ ఇంట్లో ఏమైనా తేడా ఉందా?”

ఆలోచించాను. ఓనరు గారి విశాఖ ఫ్యాక్టరీలో కంప్రెసరు పాడైతే నన్ను పంపించారు. ఆ మూడు రోజులూ నేను ఊళ్ళో లేను.

మేడం పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. ఆదివారాల గీత చూశాను. ఆదివారం గుట్ట లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా చిన్న చిన్న మిట్టలు. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను.

నేను తాగను. ఎవరికైనా నా గురించి మొదట చెప్పుకునేది అదే. తాగను కాబట్టి మంచివాణ్ణి అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. జీతం తెచ్చి ఆవిడ చేతిలోనే పెడతాను. చెయ్యి చేసుకున్నది కూడా తక్కువే. ఆ తక్కువలో లిఖిత నాలుగో తరగతిలో ఉండగా ఫ్యాను ఆపలేదని జడ పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చింది ఉంది. చారు చల్లారిందని విసిరిన కంచం ఉంది. మిగిలినదంతా గొంతే. ఫ్యాక్టరీలో ఓనరు కొడుకు, నా వయసులో సగం లేనివాడు, ఒరేయ్ అంటే ఆయండి అని ఒదిగిపోయే గొంతు ఇంటికొచ్చాక వేరే అయిపోతుంది. అది నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు చెబితే అబద్ధం.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ ఒక్కతే ఉంది.

“నీక్కూడానా అమ్మా?” అన్నాను.

ఏమిటని కూడా అడగలేదు. “నాకేంట్రా, నాకలవాటే. మీ నాన్న సైకిలు గంట ఇనపడితే నేనూ ఇలాగే లేచి నిలబడిపోయేదాన్ని. అందుకే ఆ పట్టీ తీసేసేను. మళ్ళీ ఈ వయసులో నాకెందుకది?”

అక్కడితో నేను మారి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

నెలాఖరున పట్టీల పని చూడ్డానికి పెద్ద ఆఫీసర్లొస్తారని, పాలెం కమ్యూనిటీ హాల్లో తెర కట్టి అన్ని ఇళ్ళ గీతలూ చూపిస్తారని తెలిసింది. పైడయ్య వస్తాడు. ఓనరు వస్తాడు. నాకు సిగ్గేసిన మాట నిజం. కానీ ఆ సిగ్గు నా పెళ్ళాం, పిల్ల భయపడుతున్నందుకు కాదు. పదిమందికి తెలుస్తుందని. నేను మళ్ళీ కాకినాడ వెళ్ళాను.

“ఆ సాయంత్రం వచ్చేదాన్ని వదిలెయ్యమని మిషనుకి చెప్పండి మేడం.”

“అలా కుదరదండి. అది భయాన్నే చూస్తుంది గానీ ఎందుకో చూడదు.”

“అయితే మా పట్టీలు తీసుకోండి. మేం మానేస్తాం. మా ఇల్లు మానేస్తే మిగిలినోళ్ళూ మానేస్తారు.”

అది బెదిరింపే. ఆవిడ మూడేళ్ళ కష్టం ఆ పన్నెండు ఇళ్ళ మీద నిలబడి ఉందని నాకు తెలుసు. మేడం కుర్చీ కంప్యూటరు ముందుకి జరుపుకున్నారు.

“ఒకటి చెయ్యొచ్చు. మీ పట్టీ ఇంటివాళ్ళకి రెండు వందల గజాల్లో ఉన్నంతసేపు వాళ్ళ భయాలు బయటికి రాకుండా ఆపొచ్చు. మీరు దూరంగా ఉంటే మామూలే. కానీ ఇది తప్పండి.”

“తుఫానుకి నేనే పక్కనుంటే పట్టీ ఎందుకు మేడం? నేనే చూసుకోనా?”

ఆవిడ నా ముఖం చూడకుండా మీటలు నొక్కారు.

ఆ సాయంత్రం తూము దాటాను. చెయ్యి చల్లగా ఉంది. ఇంట్లోకి వెళ్ళి, “చూసేవా, మిషనులోనే తేడా అన్నాను కదా, బాగు చేయించేను,” అన్నాను. సత్యవేణి తలూపింది. నెలాఖరున హాల్లో తెర మీద మా గీత అందరి గీతల్లాగే కనిపించింది. ఓనరు నా భుజం తట్టాడు.

అది జరిగిన మూడో రోజు నేను పెరట్లో స్నానం చేస్తుండగా లోపల లిఖిత మాటలు వినపడ్డాయి. “అమ్మా, నీ చెయ్యి నాకు రావట్లేదేంటే? నాన్న వచ్చినప్పుడు నువ్వున్నట్టు తెలిసేది. ఇప్పుడేం తెలీట్లేదు.”

“ఊరుకో. ఇంటారు,” అంది సత్యవేణి.

నీళ్ళు పోసుకుంటూ నిలబడిపోయాను. నా గొంతు లేచినప్పుడల్లా వాళ్ళిద్దరూ ఆ పట్టీతోనే ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకునేవారన్నమాట. అదీ నేను కోయించేశాను. మేడంకి ఫోన్ చేసి తీసెయ్యమని చెప్పాలనుకున్నాను. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఇరవై రోజులు గడిచాయి.

తుఫాను మధ్యాహ్నం వచ్చింది. ముందు రోజే హెచ్చరిక ఉంది, ఫ్యాక్టరీ మూసేశారు. నేను ఇంట్లో ఉన్నాను. రెండింటికి ఉప్పుటేరు గట్టు తెగిందని మైకులో చెప్పారు. అంతా నేర్చుకున్నట్టే చేశాం. అమ్మని పైడయ్య బండి మీద పంపాం. అటుకులు, మందులు, మంచినీళ్ళు తలా ఒకటి పట్టుకున్నాం. పిక్కల దాకా నీళ్ళలో నడిచి షెల్టరు చేరాం. మెట్ల మీద నేను సంచులు చూసుకున్నాను. ఆధార్లు, ఇంటి పట్టా, లిఖిత సర్టిఫికెట్లు ఉన్న సంచి లేదు.

“కాయితాల సంచి ఏదే?”

లిఖిత తన చేతుల వైపు చూసుకుంది. గుమ్మం పక్క మేకుకి తగిలించి మర్చిపోయింది.

“ఒక్క సంచి. నీకు చెప్పింది ఒక్క సంచి. ఎందుకు తిండి తింటన్నావే నువ్వు?”

మెట్ల మీద అందరూ విన్నారు. పిల్ల తల దించుకుని లోపలికి పోయింది. నేను పైడయ్యతో కలిసి ముసలివాళ్ళని మేడ మీదికి మొయ్యడంలో పడ్డాను. నలుగురు నన్ను మెచ్చుకున్నారు కూడా. నీళ్ళు మూడో మెట్టుకి వచ్చాయి. అయిదో మెట్టుకి వచ్చాయి.

సత్యవేణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. “లిఖిత ఏదండి?”

“పైన ఆడపిల్లలతో ఉంటది.”

“లేదండి. చూసేను.”

“ఉంటదిలే. చెయ్యి బిగుసుకోలేదు కదా. చూడు, చల్లగానే ఉంది...”

మాట సగంలో ఆ రెండు వందల గజాలు గుర్తొచ్చాయి. మా ఇల్లు షెల్టరుకి నూటయాభై గజాలు. పిల్ల సంచి కోసం వెనక్కి వెళ్ళింది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది, ఎవరికి చెప్పినా నాకు తెలుస్తుందని. ఇప్పుడు ఎక్కడో ప్రాణభయంతో ఉంది. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను కాబట్టే ఆ భయం వాళ్ళమ్మకి చేరడం లేదు.

మెట్ల మీద పాలెం సగం ఉంది. పైడయ్య, వాడి పెళ్ళాం, ట్యూషన్ మాస్టారు. చెప్పకుండా ఒక్కణ్ణే పోయి వెతికితే అనుకున్నాను. నీటికి అవతల మా ఇంటి వైపు చూశాను. గుమ్మం సగం మునిగి ఉంది. పిల్ల ఇంట్లోనే ఉందో, కొట్టుకుపోయి ఇంకెక్కడ చిక్కుకుందో ఎలా తెలుస్తుంది? అలా పదిసార్లు ఊపిరి తీసేంతసేపు ఊరికే నిలబడ్డాను. పిల్ల నీళ్ళలో ఉండగా నేను నా పరువు చూసుకున్న ఆ పది ఊపిర్లు ఎవరూ చూడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

“సత్యా, నా పట్టీ దగ్గరుంటే మీ భయాలు బయటికి రావు,” అన్నాను. “నేనే అలా పెట్టించేను. సాయంత్రాలు నేనొచ్చేటప్పుడు మీరు...”

“తెలుసు,” అంది. “ముందది తీసెయ్యండి.”

పళ్ళతో పీకి నీళ్ళలోకి విసిరేశాను. ఒంటి మీంచి ఊడితే పట్టీ నిద్రపోతుంది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత మా ఆవిడ నడుము విరిగినట్టు వంగి స్తంభం పట్టుకుంది. పట్టీ చర్మంలోకి దిగిపోయి అటూ ఇటూ కండ ఉబ్బింది. అంతసేపటి భయమూ ఒక్కసారి వచ్చిపడింది. ముఖం ఎత్తి చెయ్యి చాపింది. మా ఇంటి వైపు కాదు. ఇంకా అవతల, వలల షెడ్డు వైపు.

షెల్టరులోని పొడుగాటి తాడు తీశాం. పైడయ్య ఒక కొస స్తంభానికి చుట్టి పట్టుకున్నాడు. రెండో కొస నేను నడుముకి కట్టుకోబోతే సత్యవేణి లాక్కుంది.

“మీకు దారి తెలీదు. నా చేతికి తెలుసు. వెనక రండి.”

ముందు ఆవిడ, వెనక నేను. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. వాన ముఖం మీద గులకరాళ్ళు విసిరినట్టు కొడుతోంది. ఆవిడ ప్రతి పది అడుగులకీ మణికట్టు చెంపకి ఆనించి చూసుకుని పక్కకి తిరిగేది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ వెనక నేను నడిచింది అదే మొదలు.

షెడ్డుకి గోడలు లేవు, రేకులూ ఇనప స్తంభాలే. కప్పు దాకా పేర్చిన వలల మోపుల మీద, రేకుల కింద నక్కి లిఖిత కూర్చుని ఉంది. కింద మోపులు ఒకటొకటే జారి నీటిలో పోతున్నాయి. కాయితాల సంచి రెండు చేతులా నెత్తి మీద పట్టుకుంది.

“లిఖితా,” అని పిలిచాను. గాలిలో వినపడాలని గట్టిగా పిలిచాను. గట్టిగా పిలవడానికి నాకున్నది ఒక్క గొంతే.

పిల్ల నా వైపు చూసింది. నా ముందు సత్యవేణి కెవ్వుమని మణికట్టు పట్టుకుంది. అప్పటిదాకా నీటి భయంతో బిగిసిన పట్టీ ఇంకా లోపలికి దిగిపోయింది.

“నాన్నా, సంచి తడవలేదు,” అంది లిఖిత. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. “చూడండి. తడవలేదు నాన్నా.”

“దిగమ్మా. సంచి వదిలెయ్. మీ అమ్మ చేతుల్లోకి దిగు.”

దిగలేదు. ఇంకా వెనక్కి జరిగింది. ఆమె కూర్చున్న మోపు కదిలింది.

“మీరు వెనక్కెళ్ళండి,” అంది సత్యవేణి, నా వైపు తిరగకుండా. కోపంగా కాదు. గడప దగ్గర చెప్పులు విడవమన్నట్టు మామూలుగా అంది.

తాడు పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ చెయ్యి చూశాను. ఇంకో అడుగు వేశాను. నీళ్ళు భుజాలకి వచ్చాయి. దూరం నుంచి పైడయ్య అరుస్తున్నాడు, “ఏంట్రా వెనక్కొచ్చేస్తన్నావు, పిల్లని పట్టుకోరా.” ఇంకో రెండడుగులు. ఇంకొకటి. షెడ్డు చివరి స్తంభం చాటుకి వచ్చేసరికి మా ఆవిడ మణికట్టు మీద పట్టీ కొద్దిగా వదులైంది. దాని కింద ఎర్రటి గాడి కనపడింది.

“రా తల్లీ. ఇప్పుడు రా,” అంది సత్యవేణి.

లిఖిత మోపుల మీంచి జారి వాళ్ళమ్మ మెడ పట్టుకుంది. సంచి మాత్రం వదల్లేదు. ఇద్దరూ తాడు వెంబడి తిరిగి వస్తున్నారు. ఆ దారిలోనే నేను నిలబడి ఉన్నాను, నన్ను దాటకుండా వాళ్ళు షెల్టరుకి చేరలేరు. వాళ్ళు దగ్గరికొస్తుంటే తాడు రెండు చేతులా బిగపట్టి, నోరు మూసుకుని, ముఖం స్తంభం వైపు తిప్పుకున్నాను. నన్ను చూసి పిల్ల మళ్ళీ ఆగిపోకూడదు.